లెక్క కోడ్‌లో, మారేది పట్టికలో: ఒక ట్రేడింగ్ డెస్క్‌ కోసం కట్టిన ఎక్సెల్ యాడ్-ఇన్

ఒకే షేరుకు, ఒకే రోజు ముగింపుకు, ఒకే గదిలో కూర్చున్న ముగ్గురు విశ్లేషకుల వర్క్‌బుక్కులు మూడు వేర్వేరు ఆర్‌ఎస్‌ఐ (ఇటీవలి పెరుగుదలలను, తగ్గుదలలను పోల్చి 0కు, 100కు మధ్య అంకెగా చెప్పే సూచిక) విలువలు చూపిస్తున్నాయన్నది హైదరాబాదులోని ఒక చిన్న ట్రేడింగ్ సంస్థ నా ముందుంచిన ఫిర్యాదు. ముగ్గురూ లెక్కిస్తున్నది 14 రోజుల ఆర్‌ఎస్‌ఐనే. ముగ్గురి దగ్గరా ఉన్నవి నేషనల్ స్టాక్ ఎక్స్‌ఛేంజీ (ఎన్‌ఎస్‌ఈ) ధరలే. ఎవరి ఫార్ములాలోనూ పైకి కనిపించే తప్పు లేదు. అందరి ఫార్ములాలనూ ఒకచోట చేర్చి, ఏ వర్క్‌బుక్కు నుంచైనా పిలుచుకోగలిగే యాడ్-ఇన్‌గా మార్చి ఇవ్వమని సంస్థ అడిగింది.

విచారిస్తే, మూడు వర్క్‌బుక్కులూ ఒకప్పటి ఒకే ఫైలు సంతానమని తేలింది. ఎవరికి అవసరమైనప్పుడు వారు దాన్ని కొత్త పేరుతో సేవ్ చేసుకుని, తమకు అనువుగా సవరించుకుంటూ వచ్చారు. మొదటి దానిలో పెరుగుదలలకు, తగ్గుదలలకు 14 రోజుల సాధారణ సగటు తీసుకున్నారు. రెండవ దానిలో 14 రోజుల ఎక్స్‌పొనెన్షియల్ సగటు, అంటే కొత్త రోజులకు ఎక్కువ బరువిచ్చే సగటు ఉంది. మూడవ దానిలో, ఈ సూచికను 1978లో ప్రతిపాదించిన వెల్స్ వైల్డర్ పద్ధతి ఉన్నది ఉన్నట్టుగా ఉంది. ఆ పద్ధతిలో తొలి 14 రోజులకు మాత్రమే సాధారణ సగటు వేసి, ఆ తరువాత ప్రతిరోజూ నిన్నటి సగటును 13తో గుణించి, ఈ రోజు మార్పును కలిపి, 14తో భాగిస్తారు. అంటే కొత్త రోజుకు దక్కే బరువు 14వ వంతు. ఎక్స్‌పొనెన్షియల్ సగటులో రోజుల సంఖ్యకు ఒకటి కలిపి, దానితో 2ను భాగిస్తే కొత్త రోజు బరువు వస్తుంది కనుక, 14 రోజులకు అది 15లో 2 వంతులు అవుతుంది. ఈ లెక్కన వైల్డర్ చెప్పిన 14 రోజుల సగటు 27 రోజుల ఎక్స్‌పొనెన్షియల్ సగటుతో సమానం. రెండవ వర్క్‌బుక్కు ఆర్‌ఎస్‌ఐ మిగతా వాటికన్నా తొందరగా 70 (కొనుగోళ్లు మితిమీరాయన్న గుర్తు) దాటడానికీ, తొందరగా 30 (అమ్మకాలు మితిమీరాయన్న గుర్తు) కిందికి దిగడానికీ కారణం ఇదే.

మూడవ వర్క్‌బుక్కు సమస్య ఇంకా లోతైనది. ఫార్ములా సరైనదే అయినా, షీటును తేలికగా ఉంచాలని చివరి 30 రోజుల ధరలు మాత్రమే దానికి అందిస్తున్నారు. వైల్డర్ సగటుకు జ్ఞాపకం ఎక్కువ. తొలి సగటు ప్రభావం 14 రోజులు గడిచాక కూడా 35 శాతం మేర మిగిలి ఉంటుంది. 50 రోజులకు అది రెండున్నర శాతానికి దిగుతుంది, 100 రోజులు దాటాక వెయ్యో వంతుకన్నా తగ్గిపోతుంది. 30 రోజుల కిటికీ ప్రతిరోజూ ఒక వరుస ముందుకు జరుగుతుంటే లెక్క ప్రతిరోజూ కొత్త చోట మొదలవుతుంది. ఫలితంగా నిన్న చూసిన నిన్నటి ఆర్‌ఎస్‌ఐ, ఈ రోజు చూసిన నిన్నటి ఆర్‌ఎస్‌ఐ ఒకటి కాకుండా పోతాయి. గతంలోని సిగ్నళ్లను పరీక్షించే వ్యక్తికి ఇది అసలుకే ఎసరు.

పైగా ఒకరు ధరగా తీసుకుంటున్నది ముగింపు ధర కాదు, చివరి ట్రేడు ధర. ఎన్‌ఎస్‌ఈ రోజూ విడుదల చేసే ధరల ఫైలు భావ్‌కాపీలో ఈ రెండూ పక్కపక్క కాలమ్‌లలో ఉంటాయి. ముగింపు ధర అనేది చివరి అరగంటలో జరిగిన ట్రేడుల పరిమాణాన్నిబట్టి తీసిన సగటు. చివరి ట్రేడు ధర అనేది పేరుకు తగ్గట్టు ఆఖరి లావాదేవీది. పెద్ద షేర్లలో తేడా పైసల్లో ఉండవచ్చు గానీ, పలుచగా ట్రేడయ్యే షేర్లలో సూచికను మార్చేయడానికి అది చాలు.

ఇంతవరకు చూశాక నాకు ఏర్పడిన అభిప్రాయమే ఈ పనికంతటికీ ఆధారమైంది. ఆర్‌ఎస్‌ఐ ఫార్ములా పట్టుమని పది వరుసల కోడ్, దాన్ని యాడ్-ఇన్‌లో పెట్టడం ఒక పూట పని. కానీ ఫైలు ఆకృతి, షేరు గుర్తు, బోనస్‌లు, పన్ను రేట్లు, సెలవులు ఎప్పటికప్పుడు మారుతూనే ఉంటాయి. యాడ్-ఇన్‌ను పదిమంది ఏళ్ల తరబడి వాడుకోగలగాలంటే, మారని లెక్క మాత్రమే కోడ్‌లో ఉండాలి. మారే ప్రతి విషయమూ తేదీతో సహా పట్టికల్లో ఉండాలి.

ఫంక్షన్ల క్రమశిక్షణ

యాడ్-ఇన్‌ను ఎక్సెల్‌తోపాటు వచ్చే ప్రోగ్రామింగ్ భాష వీబీఏలో రాసి, ఎక్స్‌ఎల్‌ఏఎమ్ ఫైలుగా భద్రపరచాము. కొత్త ఎక్సెల్‌లో ఉన్న లాంబ్డా ఫంక్షన్లతో (సెల్ ఫార్ములాలతోనే సొంత ఫంక్షన్ నిర్వచించుకునే వీలు) చాలావరకు మాక్రోలు లేకుండానే పని జరిగేది. కానీ ఆ కార్యాలయంలోని కొన్ని కంప్యూటర్లలో ఎక్సెల్ 2016, మరికొన్నింటిలో 2019 ఉన్నాయి, వాటిలో లాంబ్డా పనిచేయదు. అదీగాక లాంబ్డా నిర్వచనం వర్క్‌బుక్కులోనే నిలువ ఉంటుంది కాబట్టి, కాపీ అయిన ప్రతి వర్క్‌బుక్కుతోపాటు నిర్వచనం కూడా కాపీ అవుతుంది. మనం తప్పించుకోజూసిన సమస్య సరిగ్గా అదే.

పేర్లు పెట్టడంలోనే మొదటి చిక్కు ఎదురైంది. విశ్లేషకులకు అలవాటైన ఆర్‌ఎస్‌ఐ14, ఏటీఆర్14, ఎస్‌ఎమ్‌ఏ20, ఈఎమ్‌ఏ50 అన్న పేర్లన్నీ ఎక్సెల్ 2007 నుంచి చెల్లుబాటయ్యే సెల్ చిరునామాలు. షీటులోని కాలమ్‌లు ఎక్స్‌ఎఫ్‌డీ వరకు, అంటే 16,384 వరకు విస్తరించాయి కనుక, ఆర్‌ఎస్‌ఐ అనేది కూడా ఒక కాలమ్ పేరే, 14 అందులోని వరుసే. ఆ పేరుతో ఫంక్షన్ రాస్తే వీబీఏ ఏమీ అనదు, షీటులో పిలిచినప్పుడు మాత్రం రిఫరెన్స్ లోపం వస్తుంది. అందుకని ప్రతి ఫంక్షన్ పేరుకూ ముందు సంస్థ పొట్టిపేరు, అండర్‌స్కోరు చేర్చాము. రోజుల సంఖ్య పేరులోంచి బయటికి వచ్చి, ఫంక్షన్‌కు విడిగా అందించే విలువ, అంటే ఆర్గ్యుమెంటు అయింది. ఫార్ములా పెట్టెలో ఆ ముందుపేరు టైపు చేయగానే మన ఫంక్షన్లన్నీ ఒకేచోట వరుసగా కనిపించడం దీనివల్ల కలిసొచ్చిన లాభం.

రెండవ నియమం: ఏ ఫంక్షనూ తనకు ఆర్గ్యుమెంటుగా ఇవ్వని సెల్‌ను చదవరాదు. ఎక్సెల్ ఏ సెల్‌ను ఎప్పుడు మళ్లీ లెక్కించాలో నిర్ణయించేది ఆర్గ్యుమెంట్లను చూసే. ఫంక్షన్ లోపలినుంచి చాటుగా మరో షీటులోని సెల్‌ను చదివితే, ఆ సెల్ మారినా ఫలితం పాతదే నిలిచిపోతుంది. పాత ఫైళ్లలో దీనికి విరుగుడుగా అన్ని ఫంక్షన్లలోనూ అప్లికేషన్ డాట్ వొలటైల్ అన్న వాక్యం చేర్చి ఉంచారు. దాంతో ఎక్కడో ఒక సెల్‌లో అక్షరం దిద్దినా వేలకొద్దీ సూచికలు మళ్లీ లెక్కకు దిగి, షీటు కాసేపు బిగుసుకుపోయేది. ఆ వాక్యాన్ని యాడ్-ఇన్ మొత్తంలో ఎక్కడా వాడలేదు.

వేగానికి చేసిన మరో మార్పు చిన్నదే గానీ ఫలితం పెద్దది. పాత కోడ్ ధరల శ్రేణిలోని ఒక్కొక్క సెల్‌నూ విడివిడిగా అడిగేది, కొత్త కోడ్ వాల్యూ2 ద్వారా శ్రేణి మొత్తాన్నీ ఒకేసారి అర్రేలోకి తీసుకుని జ్ఞాపకంలోనే లెక్కిస్తుంది. వీబీఏకూ షీటుకూ మధ్య జరిగే ప్రతి రాకపోకకూ ఖర్చు ఉంటుంది, అసలు కూడికలకు, భాగహారాలకు పట్టే సమయం దానిముందు లెక్కలోకి రాదు.

మూడవ నియమం గురించి డెస్క్‌లో కొంత చర్చ జరిగింది. తగినన్ని ధరలు లేనప్పుడు ఫంక్షన్ ఏమివ్వాలి? పాత ఫార్ములాలు సున్నా ఇచ్చేవి, లేదా ఉన్న ధరలతోనే ఏదో ఒక సంఖ్య ఇచ్చేవి. కొత్త వాటిలో వైల్డర్ సగటు వాడే ఏ సూచికైనా, అడిగిన రోజుల సంఖ్యకు అదనంగా కనీసం 100 ధరలు అందకపోతే, అందుబాటులో లేదని చెప్పే ఎన్‌ఏ లోపాన్నే ఇస్తుంది. చూడటానికి ఇది అంత బాగుండదు, కొత్తగా లిస్టయిన షేర్ల కాలమ్ నిండా లోపాలే కనిపిస్తాయి. అయినా చార్టులో ఎన్‌ఏ విలువలకు బిందువు పడదు, సున్నాకైతే గీత నేలకు దిగి మళ్లీ పైకి లేస్తుంది, దాన్ని సిగ్నల్ అనుకునేవారు కూడా ఉంటారు. ఇచ్చిన శ్రేణి పొడవునా ధర కదలని షేరుకు కూడా ఎన్‌ఏనే. అక్కడ పెరుగుదల సున్నా, తగ్గుదల సున్నా, ఆర్‌ఎస్‌ఐకి అర్థమే లేదు. కొన్ని సాఫ్ట్‌వేర్లు అక్కడ 50 చూపిస్తాయి గానీ, నా దృష్టిలో అది మర్యాద కోసం చెప్పే అబద్ధం.

సగటు ధరకు పైనా కిందా గీసే హద్దు గీతలైన బోలింజర్ బ్యాండ్లలో కూడా ఇలాంటి తేడా బయటపడింది. జాన్ బోలింజర్ వాడినది మొత్తం సమూహానికి వర్తించే ప్రామాణిక విచలనం, ఎక్సెల్‌లో ఎస్‌టీడీఈవీ చుక్క పీ. రెండు వర్క్‌బుక్కుల్లో ఉన్నది నమూనాకు వర్తించే చుక్క ఎస్. 20 రోజుల లెక్కలో దీనివల్ల బ్యాండు సుమారు 2.6 శాతం ఎక్కువ వెడల్పవుతుంది. ధర బ్యాండును తాకిందా లేదా అన్నదే ప్రశ్న అయినప్పుడు ఆ మాత్రం తేడాకు కూడా సమాధానం మారుతుంది.

భావ్‌కాపీ లోపలికి వచ్చే దారి

2024 జూలై 8 నుంచి ఎన్‌ఎస్‌ఈ పాత ఆకృతిలోని భావ్‌కాపీని ఆపి, యూడిఫ్ అనే కొత్త ఉమ్మడి ఆకృతికి మారింది. పాత ఫైలులో మొదటి కాలమ్ షేరు గుర్తు, కొత్త ఫైలులో మొదటి కాలమ్ ట్రేడింగ్ తేదీ. కాలమ్ శీర్షికలు కూడా అచ్చులు ఎగరగొట్టిన పొట్టి పేర్లుగా మారాయి, తేదీ రాసే తీరు మారింది. డెస్క్‌లోని పాత మాక్రో మూడవ కాలమ్ అంటే ప్రారంభ ధర, ఆరవ కాలమ్ అంటే ముగింపు ధర అని అంకెలతో గుర్తుపెట్టుకున్నది కాబట్టి, ఆ రోజు నుంచి అది మూలనపడింది. కొంతకాలం ఒక ఉద్యోగి రోజూ సాయంత్రం కాలమ్‌లను చేత్తో పాత వరుసలోకి సర్ది మాక్రోకు అందించేవారట.

యాడ్-ఇన్‌లో దీనికి ఒక శీర్షికల పట్టిక పెట్టాము. ఎడమవైపు మన సొంత పేర్లు, అంటే గుర్తు, సిరీస్, ప్రారంభం, గరిష్ఠం, కనిష్ఠం, ముగింపు, చివరి ట్రేడు, పరిమాణం వగైరా. కుడివైపు ఒక్కో ఆకృతికి ఒక్కో కాలమ్, అందులో ఆ ఆకృతిలో వాడే శీర్షిక. దిగుమతి కోడ్ ముందుగా ఫైలులోని శీర్షిక వరుసను చదివి, ఏ ఆకృతికి సరిపోతుందో చూసుకుని, పేరునుబట్టి కాలమ్ వెతుక్కుంటుంది. ఏ ఆకృతికీ పూర్తిగా సరిపోకపోతే ఫైలును తిప్పికొట్టి, ఏ శీర్షిక దొరకలేదో చెబుతుంది, ఊహించి నింపదు. రేపు ఎక్స్‌ఛేంజీ మరో ఆకృతికి మారినా పట్టికలో ఒక కాలమ్ చేర్చితే సరిపోవాలని దీని ఉద్దేశం.

సిరీస్ (షేరు ఏ విభాగంలో ట్రేడవుతుందో చెప్పే గుర్తు) విషయంలో పాత ఫైళ్లు మామూలు విభాగమైన ఈక్యూ ఉన్న వరుసలను మాత్రమే తీసుకునేవి. ఒక షేరును నిఘా కారణాలతో, ప్రతి ట్రేడుకూ డెలివరీ తప్పనిసరైన ట్రేడ్-టు-ట్రేడ్ విభాగానికి మార్చినప్పుడు అది బీఈ సిరీస్‌లో కనిపిస్తుంది, దాంతో ఆ షేరు చరిత్రలో వారాల తరబడి ఖాళీ ఏర్పడేది. ఏయే సిరీస్‌లను తీసుకోవాలన్నది కూడా ఇప్పుడు పట్టికే చెబుతుంది.

నిలువ ఎక్కడన్న ప్రశ్నకు సమాధానం కూడికలు, గుణకారాలే ఇచ్చాయి. ఎన్‌ఎస్‌ఈలో ట్రేడయ్యే కంపెనీలు 2,000కు పైనే, ఏడాదికి సుమారు 250 ట్రేడింగ్ రోజులు. ఏడాదికే 5 లక్షల వరుసలు దాటుతాయి. షీటులో పట్టేవి 10,48,576 వరుసలు మాత్రమే కనుక రెండేళ్లకే నిండిపోతుంది. అందువల్ల చరిత్రనంతటినీ పంచుకున్న ఫోల్డరులోని యాక్సెస్ డేటాబేసులో ఉంచాము. దానికి 2 జీబీ పరిమితి ఉన్నా, రోజువారీ ధరలకు అది చాలాకాలం సరిపోతుంది. విశ్లేషకుడు రిబ్బన్‌లోని బొత్తాన్ని నొక్కి, కావలసిన షేరు, తేదీల శ్రేణి చెబితే, ధరలు షీటులోకి విలువలుగా వచ్చి పడతాయి. ఫంక్షన్లు ఆ శ్రేణి మీదే పనిచేస్తాయి. సెల్‌లోని ఫంక్షనే నేరుగా డేటాబేసును అడగాలని ఒకరిద్దరు కోరారు గానీ ఒప్పుకోలేదు, అలా చేస్తే ప్రతి సెల్‌కూ ఒక ప్రశ్న నెట్‌వర్క్ మీద వెళ్తుంది, పైన చెప్పిన రెండవ నియమమూ గాలికిపోతుంది.

2024 అక్టోబర్ 28

ఈ మొత్తం పనిలో నేను అన్నింటికన్నా ఎక్కువ శ్రద్ధ పెట్టినది బోనస్‌లు, షేర్ల విభజనలు, విలీన విభజనల (ఒక కంపెనీలోంచి మరో కంపెనీ వేరుపడటం) సర్దుబాటు మీద. దాన్ని పరీక్షించడానికి 2024 అక్టోబర్ 28, సోమవారం వంటి రోజు మరొకటి దొరకదు. రిలయన్స్ ఇండస్ట్రీస్ ఒకటికి ఒకటి బోనస్, మన హైదరాబాదు డాక్టర్ రెడ్డీస్ షేరు ముఖ విలువ 5 రూపాయల నుంచి 1 రూపాయికి విభజన, రెండూ ఆ రోజునుంచే ధరలో ప్రతిఫలించాయి. సర్దుబాటు చేయని చార్టులో ఒకటి సగానికి, మరొకటి ఐదో వంతుకు కుప్పకూలినట్టు కనిపిస్తుంది, ఆర్‌ఎస్‌ఐ రెండింటికీ పాతాళంలో ఉంటుంది.

సర్దుబాటు గుణకం కనుక్కోవడం సులువే. రిలయన్స్ పాత ధరలను 0.5తో, డాక్టర్ రెడ్డీస్ పాత ధరలను 0.2తో గుణించాలి. ప్రతి రెండు షేర్లకు ఒకటి బోనస్ ఇస్తే గుణకం మూడింట రెండు వంతులు. పరిమాణాన్ని దీనికి విలోమంగా సర్దాలి, డాక్టర్ రెడ్డీస్ పాత పరిమాణాలు 5 రెట్లు కావాలి. అయితే ధర గుణకం తెలిస్తే పరిమాణ గుణకం దానంతట అదే తెలిసిపోతుందనుకోవడం పొరపాటు. 2023 జూలై 20న రిలయన్స్ నుంచి జియో ఫైనాన్షియల్ విడిపోయినప్పుడు ఎన్‌ఎస్‌ఈ ప్రత్యేక ప్రీ-ఓపెన్ సెషన్‌లో రిలయన్స్ ధర 2,580 రూపాయలుగా తేలింది. అంతకుముందు రోజు ముగింపు 2,841.85. తేడా 261.85 రూపాయలు విడిపోయిన కంపెనీ విలువ, ధర గుణకం 0.9079. కానీ ఆ రోజు రిలయన్స్ షేర్ల సంఖ్య ఒక్కటి కూడా పెరగలేదు, కనుక పరిమాణ గుణకం 1. ఈ కారణంగానే, ఇలాంటి కంపెనీ చర్యలను నమోదు చేసే పట్టికలో ధర గుణకానికీ పరిమాణ గుణకానికీ వేర్వేరు కాలమ్‌లు ఉన్నాయి. బోనస్, విభజనలకు నిష్పత్తి ఇస్తే రెండూ వాటంతట అవే నిండుతాయి, విలీన విభజనలకు, హక్కుల షేర్లకు మాత్రం ధరలు చూసి ఒకరు నింపి, మరొకరు సరిచూడాలి.

డేటాబేసులో ధరలను ఎన్నడూ సర్దుబాటు చేసి నిలువ చేయము. ఎక్స్‌ఛేంజీ ఇచ్చిన ధర ఇచ్చినట్టే ఉంటుంది, సర్దుబాటు షీటులోకి తెచ్చేటప్పుడు జరుగుతుంది, ఏ తేదీ దృష్టితో సర్దాలో కూడా అడుగుతుంది. 2024 సెప్టెంబరులో కొన్న రిలయన్స్ షేర్లకు బ్రోకరు ఇచ్చిన కాంట్రాక్ట్ నోటును (ట్రేడుల, ఖర్చుల చీటీ) సరిచూసే వ్యక్తికి కావలసినది నాటి అసలు ధర, చార్టు గీసే వ్యక్తికి కావలసినది నేటి దృష్టితో సర్దిన ధర. ఒకే పట్టికనుంచి ఇద్దరికీ జవాబు రావాలి.

డాక్టర్ రెడ్డీస్ ఉదంతం మరో లోపాన్ని బయటపెట్టింది. షేరును గుర్తించడానికి ట్రేడింగ్ గుర్తు కన్నా ఐసిన్ (ప్రతి షేరుకూ ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు సంఖ్య) నమ్మదగినదని చాలామంది చెబుతారు, నిజానికి రెండూ మారతాయి. ముఖ విలువ మారితే ఐసిన్ మారుతుంది, కాబట్టి ఆ విభజనతో డాక్టర్ రెడ్డీస్ ట్రేడింగ్ గుర్తు అలాగే ఉండి ఐసిన్ మారింది. 2025లో జొమాటో ఎటర్నల్‌గా మారినప్పుడు ఐసిన్ అలాగే ఉండి ట్రేడింగ్ గుర్తు మారింది. ఒకదాన్ని నమ్ముకుంటే ఒకచోట, మరొకదాన్ని నమ్ముకుంటే మరోచోట చరిత్ర రెండు ముక్కలవుతుంది. అందువల్ల ప్రతి కంపెనీకి మన సొంత సంఖ్య ఒకటి ఇచ్చి, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు ఏ గుర్తు, ఏ ఐసిన్ వాడుకలో ఉన్నాయో ఒక పట్టికలో రాసుకున్నాము. బీఎస్‌ఈ ఆరంకెల కోడ్‌లను కూడా అందులోనే, టెక్స్టుగా నిలువ చేశాము, రిలయన్స్ 500325 ఒక షీటులో సంఖ్యగా, మరో షీటులో టెక్స్టుగా ఉండి, పట్టికలో వెతికే వీలుకప్ ఫంక్షన్‌కు దొరకకపోవడం ఆ కార్యాలయంలో పాత తలనొప్పి.

పట్టికలో నమోదు కాని చర్య ఏదైనా జారిపోతే పట్టుకోవడానికి, ముగింపు ధర ముందురోజుకన్నా 20 శాతానికి మించి పడితే దిగుమతి కోడ్ ఆ షేరును పసుపురంగులో చూపుతుంది. అంతకు మించి చేయదు. డెరివేటివ్స్ (ఫ్యూచర్లు, ఆప్షన్లు) ఉన్న షేర్లకు స్థిరమైన ధర పరిమితి ఉండదు కనుక, ఒక చెడ్డ వార్తకు అంత పతనం నిజంగానే జరగవచ్చు. దాన్ని విభజన అనుకుని సర్దేస్తే అసలు నష్టమే చార్టులోంచి మాయమవుతుంది.

తేదీలు, ఖర్చులు

ట్రేడింగ్ రోజుల లెక్కకు పాత ఫైళ్లు ఎక్సెల్ వర్క్‌డే ఫంక్షన్‌ను వాడేవి. సెలవుల జాబితాను అది తీసుకుంటుంది గానీ, పనిచేసిన శనివారాల జాబితాను తీసుకోదు. 2024 జనవరి 20 శనివారం మార్కెట్ పూర్తిగా పనిచేసింది. అదే ఏడాది మార్చి 2, మే 18 శనివారాల్లో విపత్తు నిర్వహణ కేంద్రాన్ని పరీక్షించే పొట్టి సెషన్లు జరిగాయి. 2025 ఫిబ్రవరి 1 శనివారం బడ్జెట్ కోసం మార్కెట్ తెరిచారు. అందుకే గతానికి సంబంధించినంతవరకు క్యాలెండర్‌ను భావ్‌కాపీలనుంచే తయారుచేస్తాము, ఆ తేదీకి ఫైలు ఉంటే అది ట్రేడింగ్ రోజు. దాని పక్కన సెషన్ పూర్తిదా ప్రత్యేకమైనదా అన్న కాలమ్ ఉంది. 2024 నవంబరు 1 సాయంత్రం జరిగిన గంటసేపటి దీపావళి మూరత్ ట్రేడింగ్ వంటి వాటిని పరిమాణ సగటులోకి చేర్చితే సగటు అకారణంగా పడిపోతుంది, కనుక పరిమాణ సూచికలు ప్రత్యేక సెషన్లను వదిలేస్తాయి. ధర సూచికలు వదలవు, ఆ గంటలోనూ ధర ధరే.

ఖర్చుల ఫంక్షన్‌కు అందరికన్నా ఎక్కువ మెచ్చుకోలు దక్కింది. లోపలి కోడ్ మాత్రం చాలా సాదాగా ఉంటుంది. ఇంట్రాడేలో, అంటే ఒకే రోజులో, లక్ష రూపాయలకు కొని లక్షకే అమ్మితే, అమ్మకం మీద 0.025 శాతం చొప్పున ఎస్‌టీటీ (షేర్ల లావాదేవీల పన్ను) 25 రూపాయలు, కొనుగోలు మీద 0.003 శాతం చొప్పున స్టాంపు డ్యూటీ 3 రూపాయలు. అదే షేర్లు ఖాతాలోకి తీసుకునే డెలివరీ అయితే రెండువైపులా 0.1 శాతం చొప్పున ఎస్‌టీటీయే 200, స్టాంపు డ్యూటీ 15. వీటికి బ్రోకరేజీ, ఎక్స్‌ఛేంజీ చార్జీలు, కోటికి 10 రూపాయల సెబీ రుసుము, వాటిమీద 18 శాతం జీఎస్‌టీ తోడై రోజుకు పదులకొద్దీ ట్రేడులు చేసేవారికి తడిసి మోపెడవుతుంది. పాత ఫార్ములాలో ఈ రేట్లన్నీ అంకెలుగా ఇరికించి ఉండేవి. 2024 అక్టోబర్ 1న ఆప్షన్ల అమ్మకపు ప్రీమియం మీద ఎస్‌టీటీ 0.0625 శాతం నుంచి 0.1 శాతానికి, ఫ్యూచర్ల అమ్మకం మీద 0.0125 శాతం నుంచి 0.02 శాతానికి పెరిగింది. అదే రోజునుంచి ఎక్స్‌ఛేంజీ చార్జీలకు స్లాబులు పోయి అందరికీ ఒకే రేటు వచ్చింది. ఫార్ములాలో అంకె మార్చినవారికి పాత ట్రేడుల ఖర్చు పెరిగింది, మార్చనివారికి కొత్త ట్రేడుల ఖర్చు తగ్గింది.

కొత్త ఫంక్షన్‌కు విభాగం, కొనుగోలా అమ్మకమా, విలువ, తేదీ అన్న నాలుగు ఆర్గ్యుమెంట్లు తప్పనిసరి. తేదీని ఐచ్ఛికంగా ఉంచి, ఇవ్వకపోతే ఈ రోజు అనుకునేలా చేయమన్న సూచనను అంగీకరించలేదు, ఎందుకంటే అప్పుడు ఎవరూ తేదీ ఇవ్వరు. రేట్ల పట్టికలో ప్రతి వరుసకూ అమలు తేదీ ఉంది. అది యాడ్-ఇన్‌లోని దాచిన షీటులో ఉంటుంది కనుక, రెండవ నియమానికి ఇది ఒక్కటే మినహాయింపు, పట్టిక మారిన కొత్త కూర్పు రాగానే కంట్రోల్, ఆల్ట్, ఎఫ్9 నొక్కి అన్నింటినీ మళ్లీ లెక్కించాలి. దేశమంతటికీ ఒకే స్టాంపు డ్యూటీ 2020 జూలై 1న అమల్లోకి వచ్చింది. అంతకుముందు రాష్ట్రానికొక తీరు. పట్టిక ఆ తేదీతోనే మొదలవుతుంది, అంతకుముందు తేదీ ఇస్తే ఎన్‌ఏ. కాంట్రాక్ట్ నోటులో ఎస్‌టీటీని దగ్గరి రూపాయికి సవరిస్తారు కనుక ఆ సవరణ ఒక్కో ట్రేడుకు కాక, నోటు మొత్తం మీద చేసే మరో ఫంక్షన్‌లో ఉంది.

అందరి కంప్యూటర్లలోకి

యాడ్-ఇన్ తయారయ్యాక దాన్ని మెయిల్‌లో పంపితే, కొందరికి రిబ్బన్‌లో ట్యాబే కనిపించలేదు, ఏ హెచ్చరికా రాలేదు. ఇంటర్నెట్ నుంచి వచ్చిన ఫైళ్లలోని మాక్రోలను మైక్రోసాఫ్ట్ 2022 నుంచి సహజంగానే నిలిపివేస్తున్నది. ఫైలు ప్రాపర్టీస్‌లో అన్‌బ్లాక్ గడిని టిక్ చేయడం తాత్కాలిక ఉపాయం, నమ్మదగిన ఫోల్డరుగా ప్రకటించిన చోట ఉంచడం సరైన మార్గం.

ఆ ఫోల్డరు ఏదన్నది కూడా ముఖ్యమే. ఎక్సెల్ సూచించే యాడ్-ఇన్స్ ఫోల్డరు ప్రతి ఉద్యోగి యూజర్ పేరు కింద ఉంటుంది. ఒకరి వర్క్‌బుక్కును మరొకరు తెరిచినప్పుడు ఫంక్షన్ పేరుకు ముందు మొదటి వ్యక్తి ఫోల్డరు చిరునామా అంతా అతుక్కుని, సెల్ నిండా లోపాలు వస్తాయి. సెల్ ఫార్ములాలో సహోద్యోగి పేరు కనిపించడమే దీనికి ఆనవాలు. అన్ని కంప్యూటర్లలోనూ ఒకే పేరుతో, సీ డ్రైవు మీద ఒక ఫోల్డరు పెట్టి, యాడ్-ఇన్‌ను అక్కడే ఉంచడంతో ఇది తీరింది. నెట్‌వర్క్ ఫోల్డరు నుంచే నేరుగా తెరిస్తే ఎవరో ఒకరి దగ్గర ఫైలు ఎప్పుడూ తెరిచే ఉండి కొత్త కూర్పు పెట్టడం కష్టం. కనుక ఒక బుల్లి లోడర్ యాడ్-ఇన్ ఎక్సెల్ తెరిచినప్పుడు నెట్‌వర్క్‌లోని కూర్పు సంఖ్యను స్థానిక కూర్పుతో పోల్చి, కొత్తది ఉంటే కాపీ చేసుకుని అప్పుడు అసలు యాడ్-ఇన్‌ను తెరుస్తుంది. కూర్పు సంఖ్యను సెల్‌లో చూపే ఫంక్షన్ కూడా ఉంది, విశ్లేషణ నివేదికల అడుగున అది ముద్రితమవుతుంది.

కొత్త కూర్పు విడుదలకు ముందు ఒక పరీక్ష వర్క్‌బుక్కును నడుపుతాము. అందులో వరుసగా పెరిగే ధరలకు ఆర్‌ఎస్‌ఐ 100, వరుసగా తగ్గే ధరలకు 0 రావాలి. రిలయన్స్, డాక్టర్ రెడ్డీస్‌లకు 2024 అక్టోబర్ 25, 28 తేదీల మధ్య సర్దిన ధరలో విభజన జాడ కనిపించకూడదు. లక్ష రూపాయల ఆప్షన్ ప్రీమియం అమ్మకానికి ఎస్‌టీటీ 2024 సెప్టెంబరు 30న 62.50 రూపాయలు, మర్నాడు 100 రూపాయలు రావాలి. ఒక్క వరుస ఎరుపెక్కినా కూర్పు బయటికి వెళ్లదు.

కొనాలా అమ్మాలా అని చెప్పే ఫంక్షన్ ఒకటి చేర్చమని పదేపదే అడిగారు. చేర్చలేదు. సూచికకు నిర్వచనం ఉంటుంది, దాన్ని పరీక్షించవచ్చు. సిగ్నల్ అనేది ఒక్కో విశ్లేషకుడి అభిప్రాయం, అది వారి వర్క్‌బుక్కులోనే, వారి పేరుతోనే ఉండటం మేలు. మూడు వర్క్‌బుక్కులూ ఇప్పుడు ఒకే ఆర్‌ఎస్‌ఐ చూపిస్తున్నా, కొనుగోలు గీత ఎక్కడ గీయాలన్నదానిపై ముగ్గురికీ ఇప్పటికీ పొసగదు, అది పొసగవలసిన అవసరమూ లేదు.

మిగిలిన పెద్ద పని వేగానిది. వీబీఏ ఫంక్షన్లు ఒకే థ్రెడ్‌లో నడుస్తాయి, ప్రాసెసర్‌లో ఎన్ని కోర్లున్నా ప్రయోజనం లేదు. ఒకటి రెండు షేర్లకు అది తెలియదు గానీ, మార్కెట్‌లోని అన్ని షేర్లనూ రాత్రి జల్లెడ పట్టేటప్పుడు తెలుస్తుంది. ఆ ఒక్క భాగాన్ని ఎక్సెల్-డీఎన్‌ఏ అనే ఓపెన్‌సోర్స్ సాధనంతో డాట్‌నెట్‌లో, ఎక్సెల్ వేగంగా నడపగల ఎక్స్‌ఎల్‌ఎల్ రకం యాడ్-ఇన్‌గా తిరగరాయడం మొదలుపెట్టాము. పట్టికలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఆ కొత్త దానికీ పనికొస్తున్నాయి, పాత పరీక్ష వర్క్‌బుక్కునే దాని మీదా నడుపుతున్నాము.